ఊ కొట్టని చోట ఆగిన కథ

సరోజనమ్మ జగిత్యాలలో గాజుల దుకాణం నడిపిన మనిషి. చెయ్యి చూడగానే కొలత చెప్పేది. కణుపులు నొక్కి, నొప్పి తెలియకుండా గాజులు ఎక్కించేది. భర్త పోయాక ఈ మంచుదేశంలో, స్కార్‌బరోలో ఉన్న కూతురు మధుమిత దగ్గరికి వచ్చేసింది. మా ఎదురు ఫ్లాటే. ఇక్కడ ఆమె పనంతా మనవరాలు ఇషితతోనే. పొద్దున్నే లేచి టిఫిన్ డబ్బా కట్టడం, బస్సులో బడికి తీసుకెళ్లి తీసుకురావడం, దారి పొడవునా కథ చెప్పడం.

ఆమె కథకు ఒకటే షరతు: వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ కూడా ఆగాల్సిందే.

తన కథలు అయిపోయినప్పుడు మా తలుపు తట్టేది.

"అన్నయ్యా, ఒక కథ చెప్పుండ్రి. మీ తుమ్ము లిఫ్టు దగ్గర గడ్డకట్టి ఏప్రిల్‌ల కరిగిందన్నది మాత్రం వద్దు. పిల్ల దాన్ని బడిల చెప్పొచ్చింది."

చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు మాకు విక్టోరియా రాణి కాలం నాటి పిల్లల కథలు చదివి వినిపించేవారు. వాటిలో దేవకన్యలు ఎంత అందంగా ఉంటారో అంత కఠినంగానూ ఉంటారు. ముందు బెల్లం పెట్టి వెనకే కషాయం తాగించినట్టు, చివర నీతి ఉండి తీరుతుంది. రాసినవాళ్లకు పిల్లలంటే ప్రేమే. కాకపోతే భయపెడితే తప్ప మంచివాళ్లు కారని వాళ్ల నమ్మకం. ఆ ధోరణిలో నేనూ ఒకటి అల్లి ఇచ్చాను. అబద్ధమాడిన పిల్లను దేవకన్య గాజుబొమ్మగా మారుస్తుంది. ముందు వేళ్లు, తర్వాత చేతులు. చివరికి అమ్మ కౌగిలించుకోగానే పిల్ల పగిలిపోతుంది.

సరోజనమ్మ దాన్ని బడి నుంచి వస్తూ బస్సులో చెప్పింది. వేళ్లు గాజైన దగ్గర ఇషిత ఊ ఆగిపోయింది. టోపీకీ మఫ్లర్‌కూ మధ్య కళ్లు కనబడలేదు. నిద్రపోయిందనుకుంది. కథ తనకే నచ్చడంతో, నీతితో సహా చివరిదాకా చెప్పుకుంటూ పోయింది.

మర్నాటి నుంచి ఇషిత ఇంట్లో కూడా చేతులకున్న ఉన్ని తొడుగులు, ఆ మిటెన్స్, తీయలేదు. అన్నం మధుమిత తినిపించాల్సి వచ్చింది. అమ్మమ్మ పిలిస్తే సోఫా వెనక్కి వెళ్లి నిలబడేది.

"నా దగ్గరికి వస్తలేదన్నయ్యా. నేనేం చేసిన?" అని సరోజనమ్మ కళ్లు తుడుచుకుంటే నేను వాళ్లింటికి వెళ్లాను. టీ ఇచ్చి, మళ్లీ ఇషిత వైపు చేతులు చాపింది.

"డోంట్ హగ్ మీ, అమ్మమ్మా! ఐ విల్ బ్రేక్."

సరోజనమ్మ నా వైపు తిరిగి చూసింది. ఆ చూపుకు నేను టీ కప్పులో దూరిపోయేవాణ్ణే, కప్పు చిన్నదైపోయింది. ఆమె మెల్లగా కార్పెట్ మీద కూర్చుంది.

"ఏం అబద్ధమాడినవ్ బిడ్డా?"

"ఐ సెడ్ ఐ ఏట్ ద పులిహోర." "ఐ త్రూ ఇట్ ఇన్ ద గార్బేజ్."

సరోజనమ్మ చీకటితోనే లేచి కలిపిన పులిహోర అది.

"సరే. వేళ్లు గాజైనయన్నప్పుడు నువ్వు ఊ కొట్టినవా?"

ఇషిత తల అడ్డంగా ఊపింది.

"మరి ఊ కొట్టకుంటే కథ ఎట్ల నడుస్తది? అటెన్క నేను ఒట్టిగ వాగిన. ఆ పిల్లకు ఇంకా ఏం కాలె. అక్కడ్నే నిలబడ్డది."

"అండ్ ద ఫెయిరీ?"

"ఆమె కూడ నిలబడ్డది. నీ ఊ కోసం."

ఇషిత సోఫా చుట్టూ తిరిగి వచ్చింది. సరోజనమ్మ మిటెన్ మీదుగానే కణుపులు ఒక్కొక్కటీ నొక్కి, గాజు తీసినంత నేర్పుగా దాన్ని జార్చింది. లోపల చెమట పట్టి, ఎర్రగా కందిన చిన్న చెయ్యి.

"గాజులమ్మిన దాన్ని. గాజేదో, నా బిడ్డ చెయ్యేదో నాకు తెల్వదా? వెన్నలెక్క మెత్తగున్నది."

ఇషిత అమ్మమ్మ ఒళ్లోకి ఎక్కింది. రెండో మిటెన్ తనే పీకి పారేసింది.

"మరి నీతి?" అన్నాను నేను ఉండబట్టలేక.

"మీరు టీ తాగుండ్రి అన్నయ్యా."

ఇషిత అమ్మమ్మ గాజులు వేలితో తిప్పుతూ, ఈసారి తనే కథ మొదలుపెట్టింది.

"ఆ పిల్ల నిజం చెప్పింది."

"ఊ," అంది సరోజనమ్మ.

"ఫెయిరీ సారీ చెప్పింది."

"ఊ."

"అమ్మమ్మ డబ్బాలో పాస్తా పెట్టింది."

సరోజనమ్మ ఒక్క క్షణం ఆగింది. ఇషిత తలెత్తి, ఊపిరి బిగబట్టి చూసింది.

"ఊ," అంది అమ్మమ్మ.