ఇల్లటం పోయిన ఆటగాడు

మా నాయిన నన్ను ఎన్నడూ "మీరు" అనలే. అరే అంటడు, ఒరే అంటడు, కోపమొస్తే బర్రెను తిట్టే తిట్లే నన్నూ తిట్టేటోడు. హఫీజ్‌పేట్‌ల మాకు బర్రెలుండె. మేము పాలు పోసే క్లబ్బులనే నేను టెన్నిస్ నేర్చుకున్న, పెద్దయినంక దాన్నే బతుకు చేసుకున్న.

దేశం జట్టుల ఆడాలె. నాకున్న పిచ్చి అదొక్కటే. ఒక్కనివే ఆడి గెలిస్తే కప్పు చేతికొస్తది, అంతే. జట్టుల ఆడితే పక్కన కూసున్నోళ్ళు నీ పాయింటుకు లేచి నిలబడ్తరు. ప్రాక్టీసుకు నన్ను పిలిచేటోళ్ళు, పేర్లు చదివేనాడు మాత్రం నా పేరు ఉండకపోయేది. నాకంటే మంచిగ ఆడేటోళ్ళుండ్రి, కాదనను. గాని ముప్పై దగ్గర పడ్డది. మెట్లెక్కితే మోకాలు కరకరమంటుండె. హైటెక్ సిటీ అప్పుడే లేస్తుండె, మాదాపూర్ దిక్కు పొద్దంత బండలు పేలుస్తుండ్రి. నేను ఆడే మట్టి కోర్టును సుత ఆఫీసు కడ్తమని తవ్విండ్రు. ఊరంత కొత్త నౌకర్ల ముచ్చట చెప్పుకుంటుంటే, నేను సంచి భుజానేసుకొని కోర్టు కోసం తిరిగేది. నా పని అయిపోయిందని నాకు తెలుస్తనే ఉండె.

అప్పుడు మా మామ ఫోన్ చేసిండు. నా భార్యది మారిషస్. ఎప్పుడో చెరుకు తోటల పనికి పోయి ఆడనే ఉండిపోయిన తెలుగోళ్ళ పిల్ల. చదువుకోనీకి ఈడికొచ్చి నన్ను చేసుకున్నది. "మా దేశం జట్టులో ఆడతారా అల్లుడుగారూ? ఇక్కడికొచ్చి ఉంటే పౌరసత్వం వస్తుంది" అన్నడు మామ. ఇండియా పాస్‌పోర్టు వాపస్ ఇయ్యాలె. సరే అన్న. ఆలోచించనీకి నా దగ్గర ఇంకేమున్నది?

నాయిన పాలు పిండుతుంటే పోయి చెప్పిన. ఆయన చెయ్యి ఆపలే.

"పెండ్లాం దేశం పోయి, ఆళ్ళింట్ల ఉండి, ఆళ్ళ దిక్కు ఆడ్తవు. అంటే ఇల్లటం పోతున్నవన్నట్టు" అన్నడు.

పెండ్లయినంక మామ ఇంట్లనే ఉండిపోయేటోణ్ని ఇల్లటం అల్లుడంటరు. ఇగ ఆ ఇల్లే వాని ఇల్లు. పుట్టినింటికి వస్తే చుట్టమే. "ఆట కోసం నాయినా, ఇల్లటమేంది" అన్న. ఆయన లేచి ఇంకో బర్రె దగ్గరికి పోయిండు.

మేము మదీనాగూడల కిరాయికుంటుంటిమి. ఆదివారం ఇద్దరం పోయేసరికి నాయిన చెంబుల నీళ్ళు పట్టుకొని గుమ్మంల నిలబడ్డడు. "రండ్రి. కాళ్ళు కడుక్కోండ్రి" అన్నడు. నా వెనక ఎవరన్నా వచ్చిండ్రేమోనని తిరిగి చూసిన. అమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నా భార్యనేమో "దా బిడ్డా, లోపలికి దా" అన్నడు. అంటే ఇప్పుడు బిడ్డ ఆమె, అల్లుణ్ని నేను. నాకూ నవ్వొచ్చింది. కోడిని కోసిండ్రు. తొడముక్క నా పళ్ళెంల ఏసి, "సిగ్గుపడకుండ్రి, తినుండ్రి" అన్నడు.

మల్ల వారం సుత అంతే. అప్పుడు అమ్మ నవ్వలే. నేను చెంబు గుంజుకొని, "ఇగ చాలు నాయినా. తిట్టు, కొట్టు, నన్ను మీరనకు" అన్న. అడుక్కున్నట్టే అన్న.

"అల్లుణ్ని ఎట్ల కొడ్తం?" అన్నడు. మజాక్ చేస్తలేడు. గొంతుల కోపం సుత లేదు.

ఇంటికి పోయే తొవ్వల స్కూటర్ ఆపి, రోడ్డు పక్కన కూసొని ఏడ్చిన. పోవుడు మానుకుంట అని నా భార్యతోని అన్న. "మానుకొని ఏమి చేయుదురు?" అన్నది. ఆమె తెలుగు అట్లనే ఉంటది, పుస్తకం తీరు. ఏం చేస్తనో నాకే తెల్వది.

పోయిన. పాస్‌పోర్టు ఇచ్చేసిన. ఆ దేశం అంగీ తొడుక్కొని జట్టుల మొదటి మ్యాచు ఆడిన. పక్కన కూసున్నోళ్ళు నా పాయింటుకు లేచి నిలబడ్డరు, అచ్చం నేను అనుకున్నట్టే. ఆట నడుమ మోకాలు పట్టేసింది. కుంటుకుంటనే ఆడి ఓడిపోయిన. ఇగ జన్మల టెన్నిస్ ఆడొద్దని డాక్టర్ చెప్పిండు. ఆ ఒక్క మ్యాచు కోసం దేశాన్ని ఇచ్చుకున్న.

హఫీజ్‌పేట్‌ల నాయినోళ్ళ పక్కింటికి ఫోన్ చేసి నాయినను పిలిపిచ్చిన. తిడ్తడని ఆశ. చెప్తే ఇన్నవారా అంటడని, ఒక్కసారి ఒరే అంటడని, రిసీవర్ చెవికి ఒత్తిపట్టుకున్న.

"ఓడిపోయిన నాయినా. కాలు ఖరాబైంది. ఇగ ఆడలేను."

నాయిన ఏదో అనబోయి గొంతు సవరించుకున్నడు. తిట్టు నాయినా, తిట్టు అని లోపల్లోపల మొక్కుకున్న.

"మంచి దవాఖానల చూపెట్టుకోండ్రి" అన్నడు. "మీ ఇంట్లోళ్ళను అడిగినట్టు చెప్పుండ్రి."