రేషన్ కార్డులో లేని సిపాయి

బతికుండగానే, కనీసం ఒంట్లో జ్వరమైనా లేకుండా, రేషన్ కార్డులోంచి నా పేరు నేనే కొట్టేయించుకున్నాను. ఈ కథ చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. అయినా బొంబాయి కామాఠిపురాలో, గదికో కుటుంబం ఉండే మా చాల్‌లో ఎవరి కొడుకు ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా, వాళ్లమ్మ వాణ్ని నా ముందు కూర్చోబెట్టి "నీ ముచ్చట జెర వీనికి చెప్పు, బుద్ధొస్తది" అంటుంది. ఎలాగూ తప్పదు కాబట్టి మీరూ వినండి.

ఎనభైల నాటి సంగతి. నాకు ఇరవై దాటాయి. పన్నెండో తరగతి పరీక్ష రెండోసారి తప్పి ఇంట్లో తల దించుకుని తిరుగుతున్నాను. మా నాయన తాపీ మేస్త్రీ. "సదివింది చాలు. రేపట్నుంచి తట్ట పట్టు" అన్నాడు. సిమెంటు తట్ట నెత్తిన పెట్టుకుని నాలుగంతస్తులు ఎక్కడం నాకు కొత్త కాదు, సెలవులన్నీ ఆ మెట్ల మీదే గడిచాయి. కానీ నాయన మెడ ఎడమవైపు తిరగడం ఎప్పుడో మానేసింది. ఆ పక్క నుంచి ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగి చూడాలి. నేను మిలిటరీలో చేరాలనుకోవడానికి కారణం ఆ మెడ. దేశభక్తి అని చెప్పుకుంటే బాగుండేది గానీ, అబద్ధం ఒకటి ముందు రాబోతోంది, రెండెందుకు?

భర్తీకి వయసు దాటడానికి పది నెలలే ఉంది. విషయం ఇంట్లో చెప్పాను.

"మిలిట్రీనా? ఆడ తుపాకులుంటయి బిడ్డా!" అంది అమ్మ.

"మిలిట్రీ అంటే తుపాకులుండవా అమ్మా?"

"తుపాకులు లేని మిలిట్రీ ఏడన్న ఉంటదేమో, పెంటయ్య తాతను అడుగు."

పెంటయ్య తాత మా చాల్‌లో కింది గదిలో ఉండేవాడు. పదహారేళ్లు మిలిటరీలో చేసి వచ్చాడు. చేసింది చపాతీలే అయినా మీసం మాత్రం జనరల్‌ది. ఆయన నన్ను ఎగాదిగా చూసి తీర్పు చెప్పాడు. "నీకు టైపింగ్ వస్తది. ఈడనే బొంబాయిల భర్తీ ఆఫీసుకు పో. క్లర్క్ కింద చేరు. నీడకు కూసొని టకటక కొట్టుకో."

బంగారంలాంటి మాట. విని ఉంటే ఈ పాటికి పింఛను తీసుకుంటూ ఉండేవాణ్ని. కానీ ఆ వారమే మహబూబ్‌నగర్ పక్కన మా పల్లె నుంచి మా చిన్నాయన జొన్నల మూట వేసుకుని దిగాడు.

"క్లర్కా? మొగపిలగాడు మిలిట్రీకి పొయ్యి టైపు కొడతడా?" అన్నాడు. "ఈడ జాగ ఒక్కటుంటే వెయ్యి మంది ఉరుకుతరు. మన జిల్లాల ఎవడొస్తడు? వచ్చే నెల భర్తీ ఉన్నది. నువ్వు మనూరోనివని కాగితం నేను పుట్టిస్త. గని ఈడి కార్డుల పేరుండొద్దు. కొట్టిపిచ్చుకొని రా, నా కార్డుల ఎక్కిపిస్త."

బొంబాయిలో క్లర్కా, ఊళ్లో సిపాయా? మూడు ఆదివారాలు వరండాలో ఇదే పంచాయితీ. ఇటు నుంచి పాలవాడు, అటు నుంచి ఇస్త్రీ చేసేవాడు, ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడని మూడో గది ముసలమ్మ కూడా సలహా చెప్పారు. మొత్తం చాల్ రెండు ముక్కలైంది. అలిసిపోయిన నాయన ఒక్కటే అన్నాడు: "ఏదన్న ఒకటి చేయిరా. నన్ను నిద్ర పోనియ్యి." నేను సిపాయిని కావాలనే తేల్చుకున్నాను. ఆ వయసులో నాకు ఏది కష్టమో అదే గొప్పగా కనబడేది.

రేషన్ ఆఫీసులో గుమాస్తా కళ్లజోడు మీది నుంచి చూసి మరాఠీలో అడిగాడు, "కోణ్ వార్లా?" అంటే, పోయిందెవరని.

"మీచ్" అన్నాను. నేనే.

ఆయన కలం కింద పెట్టాడు. కార్డులో పేరు కొట్టించేది చచ్చిపోయినవాళ్లకీ, అత్తారింటికి పోయే ఆడపిల్లలకీ అట. నాది చావా, పెళ్లా అని అడిగాడు. ఛాతీ విరుచుకుని "భర్తీ!" అన్నాను. నా పేరు మీద ఎర్ర గీత గీసి, కాగితం చేతిలో పెట్టి, "నాలాంటి వాడు చెబితే వినవు, పో" అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంటికొచ్చాక ఆ గీత చూసి అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఏడుపు విని వచ్చిన ఆడవాళ్లు కార్డు చూసి వాళ్లూ అందుకున్నారు. నేను మధ్యలో కూర్చుని అన్నం తింటున్నాను.

ఆ కాగితం ముందే పోస్టులో చిన్నాయనకి పంపాను. మరుసటి నెలలో, రెండు రోజుల వానకి గల్లీలో నిలిచిన మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి, బొంబాయిలో బస్సెక్కి, తిన్నగా జిల్లా కేంద్రంలో దిగాను. చిన్నాయన కాగితంతో ఎదురొచ్చి పాఠం చెప్పాడు: చదువు బొంబాయిలో మేనమామ ఇంట్లో, చదువు కాగానే ఊరికొచ్చి వ్యవసాయం. సర్పంచ్ పేరు, బడి పంతులు పేరు, పొలం ఏ దిక్కో, అన్నీ బట్టీ పట్టాను. ఐదేళ్ల వయసులో చూసిన ఊరు నాకు ఇంటి గుమ్మంలా కనబడసాగింది.

పరుగులో మూడోవాణ్ని వచ్చాను. తట్ట లేకుండా, మెట్లు లేకుండా పరిగెత్తడం ఇంత సుఖమా అనిపించింది. ఛాతీ కొలత సరిపోయింది. ఇక కాగితాలు చూసే హవల్దార్ ఒక్కడే మిగిలాడు. ఆయనది ఆ జిల్లానే.

"ఏం చేస్తవురా?"

"ఎవుసం సార్."

"సర్పంచ్ ఎవరు?" చెప్పాను. "పొలం ఏ దిక్కు?" చెప్పాను. ఆయన తలూపి ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. ముద్ర గాల్లో ఉంది. ఉత్తపుణ్యానికి, మాటవరసకి అడిగాడు: "ఎట్లున్నయిరా మీ దిక్కు వానలు?"

వాన గురించి నాకెవరూ పాఠం చెప్పలేదు. నాకు తెలిసిన వాన ఒక్కటే.

"మస్తు పడ్డయి సార్! రెండు దినాలైంది, బయటికే రాలే. గల్లీల మోకాళ్ల దాక నీళ్లు!"

ముద్ర గాల్లోనే ఆగిపోయింది. నా వెనక వరస మొత్తం మెడలు చాచి నన్ను చూసింది. మూడేళ్లుగా చుక్క పడక, పొలాలు బీడు పెట్టి, తిండి కోసం భర్తీకొచ్చిన పిల్లలు వాళ్లంతా. వెనక నుంచి ఒకడు అడిగాడు, "అన్నా, ఆ ఊరికి బస్సేడ దొరుకుతది? మేం గూడ వస్తం."

హవల్దార్ నవ్వలేదు. ముద్ర డబ్బాలో పెట్టేసి, "పో బిడ్డా. నీ వాన ఏడ పడితే ఆడికే పో" అన్నాడు. ఆ పిల్లల ఎండిన మొహాలు చూశాక నాకు నిజంగా సిగ్గేసింది. వాళ్ల జాగా కాజేయడానికే కదా వచ్చాను.

చిన్నాయన నన్ను ఊరికి తీసుకెళ్లాడు. ఇంట్లో ఐదుగురు పిల్లలు. చిన్నమ్మ టీ ఇచ్చింది. ఒక్క గుక్కకే పెదాలు అంటుకుపోయాయి.

"మస్తు తియ్యగున్నది చిన్నాయినా."

"తాగు బిడ్డా, నీదే" అన్నాడాయన నేల చూస్తూ. "కార్డుల నీ పేరు ఎక్కినంక ఈ నెల చక్కెర జెర ఎక్కువొచ్చింది."

కోపం తెచ్చుకుందామనుకున్నాను. ఆ పిల్లలు గ్లాసు అడుగున వేలు పెట్టి నాకుతుంటే రాలేదు.

బొంబాయికి తిరిగొచ్చి, పెంటయ్య తాత చెప్పిన భర్తీ ఆఫీసుకే పోయాను. ఇక్కడివాడివని కాగితం చూపించమన్నారు. రేషన్ ఆఫీసుకు పోతే ఊరి కార్డులో పేరు తీసేసినట్టు కాగితం తెమ్మన్నారు. చిన్నాయనకి ఉత్తరం రాస్తే "ఈ పండుగ వోనియ్యి" అని జవాబు. పండుగలు మాకు తక్కువేం కాదు. అన్నీ పోయి నా పేరు మళ్లీ బొంబాయి కార్డులోకి ఎక్కేసరికి నా వయసు దాటి రెండు నెలలైంది.

మర్నాడు పొద్దున నాయన తట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇగో. దీనికి ఏ కార్డు అడగరు" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగో అంతస్తు దాకా ఆయన ముందు, నేను వెనక.

ఇప్పుడు నా మెడ కూడా ఎడమవైపు తిరగదు. అందుకని కుడివైపుకు తిరిగి, ఆ ఎర్ర గీత సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: నన్ను నలుగురు మోసుకుపోయే దాకా ఏ కార్డులోంచీ నా పేరు కొట్టనివ్వను. ఇక మా దిక్కు వానలెట్లున్నాయని ఎవరైనా అడిగితే, ముందు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తడిసిందో లేదో చూసుకుని గానీ నోరు విప్పను.