మిషను ఆగిన చోటు

ఆ వీధిలో ఆవిడని అందరూ నవలమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఎదురుపడితే మాత్రం, "ఏమండీ, ఈసారి ఎవరిని చంపుతున్నారు?" అని నవ్వేవారు. ఆవిడ నవలల్లో ఎవరో ఒకరు పోవాల్సిందేనని ప్రతీతి. ఆ వేళాకోళం మీద నవలమ్మకు కోపం లేదు. చదవనివాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది అని లోలోపల మురిసిపోయేది. రాసేవాళ్ళ బతుకే అంత. తిట్టినా సరే, చదివి తిడితే చాలు.

పగలంతా ఆవిడ ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఎర్ర సిరా కలం, వెనకగదిలోంచి యంత్రాల మోత. పాఠ్యపుస్తకాలు, మందుల కరపత్రాలు, లాయరు నోటీసులు, అన్నీ ఆ కళ్ళ కింద నుంచే పోవాలి. ఆ ఉద్యోగం కడుపు నింపింది గానీ కళ్ళను పాడుచేసింది. చూపు తగ్గిందని కాదు. ఏ పుస్తకం తెరిచినా కథ కనిపించదు, అచ్చుతప్పులు కనిపిస్తాయి. అక్కడ నాయిక గుండె పగిలి ఏడుస్తుంటే ఇక్కడ ఈవిడకు దీర్ఘం ఎగిరిపోవడం కనిపిస్తుంది. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళకు ఇంతకన్నా శాపం ఏముంటుంది?

అందుకని కంటితో చదవడం మానేసి నోటితో చదవడం మొదలుపెట్టింది. పైకి చదివితే చెవి కథను పట్టుకుంటుంది, కంటికి తప్పులు వెతుక్కునే తీరిక ఉండదు. ఏ పుస్తకమైనా రెండుసార్లు చదివేది. మొదటిసారి ఆకలి మీదున్న మనిషి తిన్నట్టు, రుచీ పచీ చూడకుండా, తర్వాతేమైంది తర్వాతేమైంది అని. రెండోసారి దొంగలాగా. ఈ మనిషి గదిలోకి ఎలా వచ్చాడు, ఈ మాట తండ్రి చేత కాకుండా కూతురి చేత ఎందుకు అనిపించారు, ఇక్కడ చెప్పకుండా దాచిందేమిటి. "పరాయి వాళ్ళ వంటింట్లో దూరి డబ్బాల మూతలు తీసి చూసినట్టుందే నీ చదువు" అని అక్క వెక్కిరించేది.

అక్క సంగతి చెప్పాలి. అక్క లేకపోతే ఆ నవలలు లేవు. అక్కది పెళ్ళయిన కొన్నాళ్ళకే ఉప్పూ నిప్పూ లాంటి కాపురమైతే, విడిపోయి వచ్చేసింది. చెల్లెలికి పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక నవల సగంలో ఉండేది. చివరికి ఆ రెండు గదుల ఇంట్లో వాళ్ళిద్దరే మిగిలారు. ముందుగదిలో తొక్కుడు కుట్టుమిషను. బడిపిల్లల యూనిఫాంలు, కిటికీ తెరలు, దిండు గలీబులు, ఏవి వస్తే అవి అక్క కుట్టేది. ఆవిడకు చదువు రాక కాదు, పుస్తకం పట్టుకోవడానికి చేతులు ఖాళీ లేక చెల్లెలి నోటితో చదివించుకునేది.

అలా చదివే రోజుల్లోనే నవలమ్మ ఒక సంగతి పసిగట్టింది. కథ మామూలుగా నడుస్తుంటే మిషను టకటకలాడుతుంది. కథ మనిషిని పట్టుకుందా, అక్క కాలు పెడల్ మీద ఆగిపోతుంది. గదంతా నిశ్శబ్దం. కథ వదిలాక మళ్ళీ టకటక. తను రాయడం మొదలుపెట్టాక ఆవిడకు ఇదే తూకం అయింది. పొద్దున్నే లేచి రాసింది సాయంత్రం అక్క ముందు చదివేది. మిషను ఆగిన చోట మార్జిన్‌లో ఒక చుక్క. చుక్క లేని పేజీలు మర్నాడు పొద్దున చిత్తుబుట్టలోకి. ఎంత కష్టపడి రాసిందైనా సరే, జాలీ దయా లేదు. ముందు ఏం జరగాలో తను అనుకునేదే కాదు, చుక్కలు ఎటు పోతే కథ అటు పోయేది. పేరున్న రచయితలు వింటే తల పట్టుకుంటారేమో గానీ, ఆవిడ నవలలన్నీ అలాగే పుట్టాయి, జనం చదివారు కూడా.

ఒక్క నియమం ఉంది. చదివేటప్పుడు తలెత్తి అక్కను చూడకూడదు. అది అక్క పెట్టిన నియమమే.

"నువ్వట్లా మొహంలోకి గుడ్లప్పగించి చూస్తుంటే కథ వినాలో నీకోసం మొహం పెట్టాలో తెలీదే నాకు. కాగితం చూసి చదువు" అంది ఒకసారి.

అప్పట్నుంచి నవలమ్మకు అక్క అంటే చెవికి వినిపించే మిషనే. ఆ నియమం ఎంత పని చేస్తుందో అప్పుడెవరికి తెలుసు?

ఆఖరి నవల రైల్వే స్టేషన్‌లో సామాన్లు దాచే గదిని చూసుకునే ఒక అమ్మాయి గురించి. మొదట్లో జోరుగానే నడిచింది. ఎవరో వదిలేసిపోయిన పెట్టె, దానికోసం ఒకరి వెనక ఒకరుగా వచ్చే మనుషులు, ఒకడు అబద్ధాలకోరు. మిషను అక్కడక్కడా ఆగింది, మామూలే. నాలుగో అధ్యాయంలో ఆ అమ్మాయి స్టేషను మెట్లు ఎక్కుతుంది. కథకు అక్కర్లేని మెట్లు, ఊరికే రాసింది. అక్కడ మిషను ఆగింది. చాలాసేపు ఆగింది. నవలమ్మ ఆశ్చర్యపోయి చుక్క పెట్టింది. ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చుని వాన చూస్తుంటే మళ్ళీ ఆగింది. పెట్టె దొంగ దొరికే చోట మాత్రం టకటకలాడుతూ పోయింది.

ఓహో, అనుకుంది నవలమ్మ. అక్కకు వయసు మీద పడింది, దొంగలూ దొరలూ ఏం పడతారు, నిదానమే నచ్చుతోంది. తన కలం కూడా ఇన్నాళ్ళకు పండింది, ఏమీ జరగని చోట కూడా మనిషిని కట్టిపడేస్తోంది. ఇక చూస్కోండి. పెట్టెను పక్కన పడేసింది. మెట్లు, బెంచీ, వాన, ఖాళీ ప్లాట్‌ఫారం. రాసేకొద్దీ మిషను ఆగుతూనే ఉంది. ఒక్కో పేజీకి రెండేసి చుక్కలు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతూ తనలో తాను నవ్వుకునేది. "ఏంటమ్మా, ఏమైనా విశేషమా?" అని పక్కబల్ల ఆయన అడిగితే, "నా జీవితంలో ఇంత మంచి నవల రాయలేదండీ" అంది. మనిషి తన గొప్పను నమ్మడం మొదలుపెడితే కళ్ళెదుట ఏనుగు పోతున్నా కనిపించదు.

ఎనిమిదో అధ్యాయం చదివిన సాయంత్రం మిషను మొదటి పేజీలోనే ఆగింది. ఇక కదల్లేదు. నవలమ్మ గొంతు వణికింది, సంతోషంతో. పేజీ తిప్పింది. నిశ్శబ్దం. ఇంకో పేజీ. నిశ్శబ్దమే. ఇంతసేపు ఎప్పుడూ ఆగలేదు. తలెత్తకుండా, మధ్యలో ఆపితే మంత్రం చెడిపోతుందేమోనని, అధ్యాయం చివరిదాకా చదివేసింది. చదివాక అప్పుడు చూసింది. అక్క మిషను మీదకు వాలిపోయి ఉంది. చెంప కింద బడిపిల్లల చొక్కా చేయి, నోరు తెరుచుకుని, పెదాలు నీలంగా. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. చెల్లెలి వైపే చూస్తున్నాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, మెత్తగానే మాట్లాడింది. గుండె బాగా బలహీనపడిందంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంది.

"పని చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోవడం ఎప్పట్నుంచి ఉందమ్మా? ఆయాసంతో ఆగిపోతుంటారు కదా, ఇంట్లోవాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది."

నాలుగో అధ్యాయం నుంచి, అనే మాట నోటిదాకా వచ్చింది. నవలమ్మ దాన్ని మింగేసి, "ఎండాకాలం ముందు నుంచి" అంది.

"అప్పుడే తీసుకొచ్చి ఉంటే బాగుండేది" అని డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని అందరం అనేస్తాం. కాలిన చేతులతో ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషిని చూస్తే అనబుద్ధి కాదు. ప్రతి ఆయాసానికీ తను చుక్క పెట్టింది. పెట్టడమే కాదు, ఇంకా కావాలని రాసింది. అక్క ఊపిరి కోసం పెడల్ మీద కాలు ఆపితే, ఇక్కడ ఈవిడ శభాష్ అనుకుంది.

కాస్త తేరుకున్నాక అక్క మాట్లాడింది. ముక్కుకు గొట్టం, మాట మాటకూ మధ్య ఎడం.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"ఎప్పుడు చెప్పను? నేను ఆగగానే నీ గొంతు మారిపోయేది. పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగిపోయేదానివి. ఆ గొంతు విన్నాక, కాదే, నాకు ఆయాసంగా ఉందే అని ఎట్లా చెప్పమంటావు?"

"నేను నవల చింపేసేదాన్ని గానీ..."

"అందుకే చెప్పలేదు" అంది అక్క.

నవలమ్మ ఆ చేయి పట్టుకుంది. అడగకూడదని తెలుసు. ఈ స్థితిలో ఉన్న మనిషిని అడగాల్సిన మాట కాదని తెలుసు. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, అడిగింది. "అన్నీ ఆయాసమేనా అక్కా? ఒక్కచోటన్నా కథ కోసం ఆగలేదా?"

అక్క కళ్ళు మూసుకుని నవ్వింది. "ఛీ, నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. పట్టుకొచ్చి చదువు. ఏది ఏదో చెప్తా. మిషను లేదుగా, నోటితోనే చెప్తా."

అప్పట్నుంచి మధ్యాహ్నాలు ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చదివింది. ఎదుటి మంచం మీదావిడ కూడా ఒక చెవి ఇటే పడేసేది. చుక్క వచ్చినప్పుడల్లా నవలమ్మ ఆగేది. అక్క తేల్చేది.

"ఇది ఆయాసం."

"ఇదీ ఆయాసమే."

"ఇక్కడా? దారం తెగింది. ఎక్కించుకుంటున్నా."

నవలమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎర్ర కలంతో ఆ పేజీలు కొట్టేయబోతే అక్క వద్దంది, ముందు అయ్యేదాకా చదవమంది. అలా ఐదో అధ్యాయంలో ఒకచోట, ఆ అమ్మాయి సామాన్ల గదిలో మిగిలిపోయిన ఒక తడిగొడుగును తీసి, ఎవరిదో తెలియకపోయినా, విప్పి ఆరబెడుతుంది. ఒక్క వాక్యం. రాసేటప్పుడు ఆలోచించి కూడా రాయలేదు.

"ఇక్కడ మాత్రం విన్నా" అంది అక్క.

"ఇందులో ఏముందక్కా?"

"ఏమో. తడిగుడ్డ అట్లా మడిచి పెడితే ముక్కిపోతుంది. ఆ పిల్ల విప్పి ఆరబెట్టింది. ఎవరైనా రానీ, రాకపోనీ. నాకు బాగుంది."

పాత చుక్క మీదే నవలమ్మ ఇంకో చుక్క పెట్టింది. తన జీవితంలో ఎవరు మెచ్చుకున్నా ఇంత బాధగా, ఇంత ఇష్టంగా లేదు. ఇంకా ఎన్ని ఉన్నాయో తెలుసుకోవాలి. మూడున్నర అధ్యాయాలు మిగిలాయి. అక్క రోజురోజుకీ కరిగిపోతోంది. చదవడం తొందర చేస్తే అక్క అలిసిపోతుంది, నిదానిస్తే అక్క ఉండదు. ఈ మధ్యలో నలిగిపోతూ, ఇప్పుడు మాత్రం ఒక్క క్షణం కూడా అక్క మొహం మీద నుంచి చూపు తిప్పలేకపోయేది. దాంతో వాక్యాలు తప్పేవి, వరసలు దాటిపోయేవి.

"నన్ను చూడకు" అంది అక్క. "కాగితం చూడు. తడబడుతున్నావు."

"నా వల్ల కాదక్కా."

"చూస్తే మాత్రం ఏం ఆపగలవే?"

ఏడో అధ్యాయం సగంలో ఉండగా అక్క పోయింది. పెద్ద హడావిడేమీ లేదు. ఒక చుక్క దగ్గర నవలమ్మ ఆగి, "ఇది?" అని అడిగింది. జవాబు కోసం చూస్తూ ఉంది. అక్క పెదాలు కదిలాయి, మాట బయటకు రాలేదు. నర్సు వచ్చింది, డాక్టరమ్మ వచ్చింది, తెర లాగారు. ఆ చుక్క ఆయాసమో కథో ఇక ఎవరూ చెప్పలేరు. దాని తర్వాత ఉన్నవీ అంతే.

కొన్నాళ్ళకు ప్రచురణకర్త కబురు పెట్టాడు. పాతికేళ్ళుగా ఆవిడ పుస్తకాలు వేస్తున్న పెద్దమనిషి. ఒక పేజీ తీసేద్దామా అంటే రెండు తీసేయండి అనే రచయిత్రి అని ఆవిడంటే గౌరవం. కుర్చీ చూపించి, పరామర్శ మాటలు చెప్పి, ఆవిడ ఉన్నదున్నట్టు పంపిన రాతప్రతి ముందుకు తోశాడు.

"మీకు చెప్పేంతవాణ్ణి కాదమ్మా. మొదటి మూడు అధ్యాయాలూ పరుగులు పెట్టాయి. తర్వాత కథ కదలడం లేదు. ఆ అమ్మాయి మెట్లెక్కుతుంది, కూర్చుంటుంది, వాన చూస్తుంది, మళ్ళీ లేస్తుంది. ఏడో అధ్యాయం నుంచైతే మరీ అన్యాయం. ఇది మీరే రాశారా అనిపించింది."

"నేనే రాశానండీ."

"కోపం తెచ్చుకోకండి. అవన్నీ తీసేస్తే చక్కటి చిన్న నవల అవుతుంది. మీరే కొట్టేయండి, మీ చెయ్యి నాకు తెలుసు కదా." ఎర్ర కలం మూత తీసి ఆవిడ ముందు పెట్టాడు.

నవలమ్మ కలం తీసుకుంది. ఏడో అధ్యాయం తెరిచింది. మెట్లు, బెంచీ, వాన. ఆయన చెప్పిందంతా నిజమే, దిద్దేవాళ్ళ కంటికి అది తెలియకుండా ఉంటుందా? చచ్చు వాక్యాలు. వాటి పక్కన మార్జిన్‌లో చుక్కలు, కిందిదాకా. కలానికి మూత పెట్టి తిరిగి ఇచ్చేసింది.

"వద్దండీ. ఒక్క మాట కూడా తీయకండి."

"ఇవి బాగున్నాయనే అంటారా?"

"బాగాలేవు. నాకు తెలుసు" అంది నవలమ్మ. "కానీ ఆ పేజీలు నేను మొదటిసారి చదువుతున్నంతసేపూ మా అక్క బతికే ఉంది."