డోలు మునిరత్నం కూర్చున్న వైపు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నేను తిరుపతి రేణిగుంట రోడ్డులో ఒక కార్ల డీలరు వర్క్‌షాపులో వర్క్స్ మేనేజరుగా ఉన్నాను. రిటైరయ్యే ముందు నా చివరి పోస్టింగు అదే. రోజూ వచ్చే బండ్ల సంగతి సర్వీస్ అడ్వైజర్లు చూసుకుంటారు. కస్టమరు చెప్పింది విని జాబ్ కార్డు రాయడం, రోడ్ టెస్టు చేయించడం, ఖర్చు ఎంతవుతుందో ఎస్టిమేట్ వేయడం వాళ్ళ పని. ఎస్టిమేట్ ఒక హద్దు దాటితే మాత్రం నా సంతకం ఉండాలి. అలాంటి కాగితం నా బల్ల మీదికి వచ్చిందంటే, బయట బెంచీ మీద ఎవరో ఒకరు తల పట్టుకుని కూర్చున్నారని అర్థం.

ఆ రోజు బెంచీ మీద ఉన్నది చిత్తూరు నాదస్వర విద్వాంసుడు చెంగల్రాయులు. కొన్ని నెలల కిందటే సెకండ్ హ్యాండులో ఏడు సీట్ల డీజిల్ బండి కొన్నాడు. అంతకుముందు ఆయన మేళం బస్సుల్లోనే తిరిగేది. డోలుకు కూడా టికెట్ తీసుకోమని కండక్టర్లు సతాయించేవారట. పైగా తెల్లవారుజాము ముహూర్తాలకు బస్సులు అందవు. సొంత బండి వచ్చాకే పలమనేరు, మదనపల్లె వైపు నుంచి కూడా పిలుపులు రావడం మొదలైంది. ఇప్పుడు ఆ బండి వేగం అందుకునే కొద్దీ ముందు భాగంలో జోరీగలా మోగుతోంది.

మా అడ్వైజర్లలో చురుకైన అమ్మాయి స్వాతి. చేయవలసినవన్నీ చేసింది. డ్రైవరును పంపి బైపాస్ మీద రోడ్ టెస్టు చేయించింది. ఏ గేరులో అయినా అదే మోత, న్యూట్రల్‌లో దొర్లనిచ్చినా అదే మోత. కాబట్టి ఇంజను కాదు. ర్యాంపు మీదికి ఎత్తి చక్రాలు పట్టుకుని ఊపించింది. లూజు లేదు, కాబట్టి చక్రాల బేరింగులూ కాదనుకుంది. ఇక మిగిలింది గేర్‌బాక్సు, దానితో కలిసి ఒకే పెట్టెలో ఉండి ఇంజను శక్తిని చక్రాలకు పంచే డిఫరెన్షియల్. బేరింగులు పోయాయని, విప్పాక గేరు పళ్ళు కూడా దెబ్బతిని ఉంటే మొత్తం అసెంబ్లీ మార్చాలని రాసింది. అంతా కలిపితే బండి కొన్న ధరలో సగం దగ్గరికి వచ్చింది. నా సంతకం కాకముందే ఆ సంగతి నోటిమాటగా చెంగల్రాయులు చెవిన పడింది.

అసెంబ్లీ అన్న మాట వింటే నాకు మొదటినుంచీ చిరాకు. విడి భాగం వెతికే ఓపిక లేనివాళ్ళు వాడే మాట అది. అయినా ఆ ఎస్టిమేట్‌లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. పెన్ను మూత తీశాను.

ఇంతలో చెంగల్రాయులు లోపలికి వచ్చాడు. వెనకాలే రెడ్డెప్ప అనే బ్రోకరు. చెడిపోయిన బండ్లు ఉన్నచోట ఇతను ఎలా ప్రత్యక్షమవుతాడో మాకెవరికీ అంతు పట్టేది కాదు. బండి ఉన్నది ఉన్నట్టు తీసుకుంటానని దాదాపు పాత ఇనుము ధర చెప్పాడట.

"సంతకం పెట్టొద్దు సార్. అంత నేను పెట్టుకోలేను, అమ్మేస్తా ఉండా," అన్నాడు చెంగల్రాయులు. మర్నాడు తెల్లవారి పలమనేరులో పెళ్ళి. దానికి టాక్సీ మాట్లాడుకుంటాడు. తరవాత మళ్ళీ బస్సులే. వెళ్ళబోతూ ఆగి ఒక్క కోరిక కోరాడు. "కొన్నప్పట్నుంచి కొండకు తీసకపోయేదానికి తీరలేదు. అమ్మేదైనా స్వామికి సూపెట్టి అమ్ముతా. ఒక్కతూరి బండి ఇయ్యండి."

గేర్‌బాక్సు అనుమానమని రాసిన బండిని ఘాట్ రోడ్డు మీదికి వదిలితే, జరగరానిది ఏదైనా జరిగితే అందరూ వర్క్‌షాపునే అడుగుతారు. 'నా పూచీ మీద తీసుకెళ్తున్నాను' అని రాయించుకుని చేతులు దులుపుకోవచ్చు. లేదా మా మనిషే నడపాలి. నాకు చెంగల్రాయులు మీద జాలి వేసింది. అంతకంటే ఎక్కువగా రెడ్డెప్ప మీద ఒళ్ళు మండింది. గేర్ ఆయిల్ నిండుగానే ఉంది. నెమ్మదిగా నేనే నడుపుతానన్నాను.

ఆయనతో వచ్చి బయట కాచుకుని ఉన్న మేళం అంతా ఎక్కింది. డోలు వాయించేది చెంగల్రాయులు బావమరిది మునిరత్నం. మనిషి భారీ విగ్రహం, ముందు సీటులో తప్ప పట్టడు. నా ఎడమ పక్కన అతను కూర్చోగానే బండి అటు ఒరిగింది. శ్రుతి, తాళం వాళ్ళతో కలిసి చెంగల్రాయులు వెనక సర్దుకున్నాడు. ఎక్కేటప్పుడు చిన్న గేర్లలో ఇంజను హోరుకు ఇంకేమీ వినబడలేదు. పైన పార్కింగులో కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. దర్శనానికి వ్యవధి లేదు కనుక గోపురం వైపు తిరిగి దండం పెట్టుకున్నారు. చెంగల్రాయులు బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు తీయలేదు.

దిగేటప్పుడు ఇంజను నెమ్మదించింది. మోత వినబడసాగింది. మొదటి మలుపులు మాటల్లోనే గడిచిపోయాయి. తరవాత నాకు అనుమానం వచ్చి అందరినీ మాట్లాడకుండా ఉండమన్నాను. కుడి వైపు తిరిగితే మోత హెచ్చుతోంది. ఎడమకు తిరిగితే దాదాపు ఆగిపోతోంది. మళ్ళీ కుడి, మళ్ళీ మోత. బండి కుడికి తిరిగినప్పుడు బరువంతా ఎడమ చక్రాల మీద పడుతుంది. గేర్‌బాక్సులో బేరింగు పోతే మలుపు మలుపుకూ ఇలా మాట మార్చదు. ఇది ఎడమ ముందు చక్రం బేరింగు. సరిగ్గా దాని మీదే మునిరత్నం ఆసీనుడై ఉన్నాడు. మా డ్రైవరు ఒంటరిగా, కుడి సీటులో కూర్చుని, తిన్నగా ఉన్న బైపాస్ మీద వెళ్ళి వచ్చాడు. ఇక ఈ తేడా ఎలా తెలుస్తుంది?

కొండ దిగాక జూపార్కు రోడ్డులో ఆపి మునిరత్నాన్ని నా వెనక సీటులో ఎలాగో కుక్కాను. మోత తగ్గింది. ముందుకు రమ్మన్నాను. పెరిగింది. ఇంకోసారి వెనక్కి వెళ్ళమనేసరికి, "ఏంది సార్, నన్ను తూకం రాయి మాదిరి ఆడికీ ఈడికీ మారస్తా ఉండారు?" అని విసుక్కున్నాడు.

వర్క్‌షాపులో బండిని ఎత్తించి స్వాతిని పిలిచాను. చక్రం పక్కనున్న స్ప్రింగు మీద వేళ్ళు ఆనించి చక్రాన్ని చేత్తో తిప్పమన్నాను. కుడి వైపు నున్నగా తిరిగింది. ఎడమ వైపు స్ప్రింగులో సన్నటి గరగర వేళ్ళకు తగిలింది. అరుగుదల మొదట్లో బేరింగు ఊపితే ఊగదు, ఇలా తిప్పితేనే బయటపడుతుంది. ఆ అమ్మాయి చక్రాన్ని ఇంకోసారి తిప్పి చూసింది. తరవాత, "నేను కూడా వీళ్ళతో కూర్చుని వెళ్ళి ఉండాల్సింది సార్," అని పాత ఎస్టిమేట్ రద్దు చేయడానికి వెళ్ళింది.

సాయంత్రానికల్లా కొత్త బేరింగు వేసి, మునిరత్నాన్ని ముందు కూర్చోబెట్టి మలుపుల్లో తిప్పి చూశాం. చడీచప్పుడు లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు. మేము కొండ ఎక్కి దిగి పట్టాం, అంతే తేడా. బిల్లు అంత తక్కువ ఉండేసరికి, కాగితం వెనక ఇంకేమైనా రాసి ఉందేమోనని చెంగల్రాయులు తిప్పి చూశాడు. రెడ్డెప్ప అప్పటికే వేరే బెంచీ దగ్గర ఉన్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి నా ఫోను మోగింది. ఎత్తాను. అవతల పెళ్ళి పందిట్లో నాదస్వరం, దాని వెనక మునిరత్నం డోలు. ఆ ఉదయం నాకు చాలా సంతోషమైంది.

ఆ వారమే నేను రోడ్ టెస్టు పద్ధతి మార్చాను. మోత అని వచ్చిన బండిలో కస్టమరు కూర్చోవాలి, ఆయనకు కుదరకపోతే అంత బరువు పెట్టాలి, దారిలో మలుపులు ఉండాలి. అందుకోసం ఇసుక మూటలు కుట్టించాం. మెకానిక్కులు అన్నిటికంటే పెద్ద మూటకు 'మునిరత్నం' అని పేరు పెట్టి సుద్దతో రాశారు కూడా. సర్వీసుకు వచ్చిన అసలు మునిరత్నం దాన్ని చూసి, రెండు చేతులా ఎత్తి దించి, "నేను దీనికన్నా బరువుండా సార్, ఇంకొంచెం ఇసక పోయించండి," అన్నాడు. పోయించాం.

ఈ ఉదంతం నేర్పింది ఒక్కటే. వర్క్‌షాపు బండిని ఖాళీగా చూస్తుంది, యజమాని దాన్ని నింపుకుని తిరుగుతాడు. ఎస్టిమేట్ వేయవలసింది ఆయన తిరిగే బండికి.