గొంగళి కింద టాన్ ఇరవై రెండున్నర

డెబ్బైల చివర నేను నంద్యాలలో డిప్లొమా చదివేటప్పుడు మా లెక్కల సారు దగ్గర ఒక సైంటిఫిక్ కాలిక్యులేటరు ఉండేది. లెక్కలు కట్టడానికి స్లైడ్ రూలు జరిపి జరిపి విసిగిపోయిన మాకు, మీట నొక్కగానే సైనూ టానూ ఎర్రటి అంకెల్లో వెలగడం చూస్తే మనసు ఆగేది కాదు. జేబులో పట్టే ఆ పెట్టెలు వచ్చిన కొన్నేళ్ళకే స్లైడ్ రూళ్ళు అటకెక్కాయి. సారును బతిమాలి ఒక ఆదివారానికి దాన్ని తీసుకుని, జేబు మీద చెయ్యి తీయకుండా మా ఊరు ఆళ్ళగడ్డకు బస్సెక్కాను.

దాంతో నాకు పెద్ద పనే ఉంది. మా నాయన శిల్పి. చదువు మానేసి ఉలి పట్టమని ఆర్నెల్లుగా నా ప్రాణం తీస్తున్నాడు.

"ఆడ నేర్చేదేందో ఈడ రాయి మీద చూపీరా. నా కొలత దారానికి సరిపోతే సదువుకో. లేకుంటే ఈడనే కూర్చో" అన్నాడు.

ఆ రోజు మూడడుగుల చదరపు పీఠానికి మూలలు కొట్టి, చుట్టూ ఎనిమిది సమాన పలకలు వచ్చేలా చెక్కాలి. నాయనైతే మూల నుంచి నడిమధ్యకు దారం పట్టి, అదే పొడవును అంచుల మీదికి తిప్పి గుర్తు పెడతాడు. నాలుగు మూలల నుంచీ అంతే. ఒక్కో పలక పొడవు కోసం నేను ముప్పైఆరు అంగుళాలను టాన్ ఇరవై రెండున్నర డిగ్రీలతో హెచ్చించాలి. ఎండకు ఒక్క అంకె కనబడితే ఒట్టు! గొంగళి కప్పుకుని లోపల నొక్కి, "ఇరవై అంగుళాలు!" అని అరిచాను.

నాయన సుద్దతో గీసి చూశాడు.

"ఏందిరా ఇది? నాలుగు పలకలు ఇరవై, నాలుగు పదకొండు. దేవుడు యాడ నిలబడల్ల?"

పనివాళ్ళు పగలబడి నవ్వారు. నా చదువు అయిపోయిందనుకుని ఏడుపొచ్చింది. ఇంతలో నాయనే ఆగలేక గొంగళిలో దూరాడు.

"ఈ సన్న మీటేందిరా?"

కోణాల కొలతకు డిగ్రీల దగ్గర ఉండాల్సిన మీట, రేడియన్లనే వేరే కొలత దగ్గరుంది. బస్సులో దారంతా జేబును అదిమిపట్టిన నా చెయ్యే దాన్ని జరిపింది! సరిచేసి మళ్ళీ నొక్కితే పద్నాలుగు పాయింటు తొమ్మిది. నాయన బయటికి దూకి, దారం పట్టి గుర్తులు పెట్టి, అంచు మీద రెండు గుర్తుల మధ్యన కొలిచాడు. పదిహేనుకు వెంట్రుకవాసి తక్కువ. నేను గొంగళితో సహా గంతులేశాను.

నాయన మాత్రం ముఖం బిగించుకుని దారం చుట్టసాగాడు.

"నీ పెట్టె నా దారం మాట వినింది. రేపు తొలి బస్సుకు పో. ఆ మీట మాత్రం చూసి నొక్కు."