ఆరకముందే వేసిన పూత

ఇటుకల బాటలు కడిగి పూత వేయడంలో అతనికి మంచి పేరుంది. అతను పని ముగించి లేచాక బాటలో ముఖం చూసుకోవచ్చని ఎవరో అన్నారట. అప్పటినుంచీ అందరికీ అద్దం మేస్త్రి అయిపోయాడు. ఆ పిలుపు చెవిన పడితే చాలు, అతని వెన్ను కాస్త నిటారయ్యేది.

పనిలో తోడు అతని భార్యే. అతను ప్రెషర్ మిషన్ పట్టుకుని ఇటుకల సందుల్లోని నాచూ గడ్డివేళ్ళూ ఎగరగొడుతుంటే, ఆవిడ వెనకే బురద నీళ్ళు చీపురుతో తోసుకుంటూ వచ్చేది. సందుల్లో పొడి ఇసుక నింపడం కూడా ఆవిడ పనే. ఇరవై రెండేళ్ళ కాపురంలో సగం మాటలు వాళ్ళు ఇటుకల మీద గొంతుక్కూర్చునే చెప్పుకున్నారు.

ఆ వేసవిలో రిటైరైన ఒక బస్సు డ్రైవరు వాళ్ళని పిలిపించాడు. ఆయన ఇంటి గేటు నుంచి వరండా మెట్ల దాకా ఎర్ర ఇటుకల బాట. నాచు పట్టి పాకుడు రాయిలా తయారైంది. డ్రైవరుగారి భార్యకి నిరుడు ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయి మళ్ళీ స్వాధీనంలోకి వచ్చాయి. చేతికర్రతో నడుస్తోంది. ఆవిడ కాలు జారకూడదని ఆయన ఆరాటం.

కడిగిన ఇటుక పైకి పొడిగా కనిపించినా కడుపులో తడి దాచుకుంటుంది. అందుకే పూత వేసేముందు మేస్త్రి ఒక ప్లాస్టిక్ కాగితాన్ని బాట మీద పరిచి, అంచులకు టేపు అంటించి, కొన్ని గంటలయ్యాక ఎత్తి చూసేవాడు. అడుగున ఆవిరి పడితే ఇంకా ఆగాలని అర్థం. ఆ శనివారం ఎత్తి చూస్తే చెమట పట్టినట్టు ఉంది.

"ఇంకా రెండు రోజులు ఆగాలయ్యా," అంది భార్య.

సోమవారం ఒక స్కూలు ఆవరణ పని మొదలుపెడతానని అతను మాటిచ్చి ఉన్నాడు. పెద్ద పని. ఎవరికో పోతుందేమోనని లోపల పీకుతోంది.

"ఎండ దంచేస్తోంది, ఏం కాదులే," అని ఆ ఆవిరిని అరచేత్తో తుడిచేసి, కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. సాయంత్రానికి బాట తళతళలాడింది. డ్రైవరుగారు పక్కవాళ్ళని పిలిచి మరీ చూపించాడు.

సోమవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. వెళ్ళి చూస్తే బాట పొడుగునా తెల్లటి మచ్చలు, కంట్లో పువ్వేసినట్టు. లోపలి తడి పైకి రాలేక పూత కింద చిక్కుకుపోయింది. చూడగానే అతనికి తెలిసిపోయింది. వెనకాల భార్య ఉంది. ఎదురుగా డ్రైవరుగారు. వరండాలో కర్ర పట్టుకుని పెద్దావిడ, ఆవిడ పక్కన నీళ్ళ డబ్బా, పూలకుండీలు. అతని నోటి వెంట మాట దానంతటదే వచ్చేసింది.

"పూత ఆరకముందే ఎవరో నీళ్ళు పోశారు సార్."

డ్రైవరుగారు భార్య వైపు తిరిగాడు.

"నేను పొయ్యలేదండీ," అందావిడ. "శనివారం కుండీల జోలికే పోలేదు."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో."

ఆవిడ కాసేపు ఆలోచించింది. కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "పోశానేమో మరి. ఈమధ్య నాకు ఏదీ సరిగ్గా గుర్తుండటం లేదు," అని మేస్త్రి వైపు చూసింది. "ఏమీ అనుకోకు బాబూ. నీ కష్టమంతా పాడుచేశాను."

అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పలేదు. "పోన్లెండమ్మా, మచ్చలు వాటంతటవే తగ్గుతాయి," అన్నాడు పెద్దమనిషిలా. మిషన్ బండి తోసుకుంటూ బయటికి వచ్చాక భార్య ఏమంటుందోనని ఎదురుచూశాడు. ఆవిడ చీపురు భుజాన వేసుకుని ముందు నడిచింది. తిట్టినా బాగుండేది.

మూడు నెలలు గడిచాయి. స్కూలు పని బాగా వచ్చింది. అద్దం మేస్త్రి పేరు చెక్కుచెదరలేదు. డ్రైవరుగారే అతని గురించి నలుగురికీ మంచిగా చెప్పాడు. ఆ మాట మీదే వాళ్ళ ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే టైలరమ్మ తన వాకిలి కడగమని పిలిచింది. మధ్యాహ్నం టీ గ్లాసులు చేతికిస్తూ మాట కలిపింది.

"పాపం డ్రైవరుగారి భార్యకి మతిమరుపట. నీ పూత మీద నీళ్ళు పోసేసి పొయ్యలేదందట కదా. అప్పటినుంచీ ఆయన ఆవిణ్ణి స్టవ్ కూడా వెలిగించనివ్వడం లేదు. డాక్టరుకి కూడా చూపించారు. వంటంతా ఆయనే. ఆవిడ ఆ కిటికీ దగ్గరే కూర్చుంటుంది రోజంతా."

ఇసుక ఊడుస్తున్న భార్య చీపురు ఆగింది. తల ఎత్తలేదు. మేస్త్రి ఒక బాట పాడైందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఒక మనిషి తన బుర్రని తానే నమ్మలేని స్థితికి వచ్చిందని అనుకోలేదు. గ్లాసు గట్టు మీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని ఆ ఇంటి వైపు నడిచాడు.

డ్రైవరుగారు గేటు తీశాడు. మేస్త్రి తల దించుకుని అంతా చెప్పాడు. కాగితం కింది ఆవిరి, తుడిచేసిన చెయ్యి, స్కూలు పని, అన్నీ.

ఆయన ముఖం కందగడ్డయింది. "నాకెందుకయ్యా చెప్తున్నావు? లోపలుంది, ఆవిడకి చెప్పు."

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న పెద్దావిడకి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. రెండోసారి చెప్పడం మరీ కష్టమైంది. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, మొగుడి వైపు చూసి, "నేను చెప్పాను కదండీ," అంది నెమ్మదిగా. డ్రైవరుగారు గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత మేస్త్రిని అడిగింది. "నా మీదికెందుకు నెట్టావు బాబూ?"

"మీరనే కాదమ్మా. ఆ క్షణంలో మీరు ఎదురుగా ఉన్నారు. అంతే."

బాట మళ్ళీ చేసిపెడతానన్నాడు.

మర్నాటినుంచి పాత పూత కరిగించే మందు పోసి, గట్టి బ్రష్‌తో ఒక్కొక్క ఇటుకా రుద్దాడు. మోకాళ్ళు దోక్కుపోయాయి. నాలుగు రోజులు పట్టింది ఊడదీయడానికే. పెద్దావిడ రోజూ తనే స్టవ్ వెలిగించి టీ పెట్టింది. గ్లాసు మేస్త్రి భార్యకి మాత్రమే ఇచ్చేది. అది అందుకుని, తన మొగుడి వైపు ఒకసారి చూసి, ఆమె ఊదుకుంటూ తాగేది. తనకి రానందుకు అతనికి బాధ కలగలేదు. ఇచ్చి ఉంటే ఎలా తాగేవాడో అతనికే తెలియదు.

కడిగాక ఈసారి అయిదు రోజులు ఆగి పూత వేశాడు. బాట బాగా కుదిరింది. డ్రైవరుగారు దాన్ని చూపించడానికి ఎవరినీ పిలవలేదు. "సరే, వెళ్ళు," అన్నాడు. అంతే.

వెళ్ళేముందు ఇంకో పని మిగిలింది. వీధిలో మతిమరుపు కథ ఇంకా తిరుగుతోంది. మేస్త్రి టైలరమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళి, తప్పు పెద్దావిడది కాదు, తనదేనని చెప్పాడు.

టైలరమ్మ మిషన్ చక్రం ఆపి అతన్ని జాలిగా చూసింది. "పెద్దావిడ చిన్నబోతుందని నీ నెత్తిన వేసుకుంటున్నావా? ఎంత మంచివాడివయ్యా."

"కాదమ్మా. నిజంగానే నేను అబద్ధమాడాను."

"సర్లే, నేనెవరితోనూ అననులే," అని నవ్వి మళ్ళీ కుట్టుకోసాగింది.

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ మూడు నెలల్లో ఏనాడూ అంత సిగ్గు పడలేదు. భార్య వచ్చి పక్కన నిలబడింది. "కూర్చో. అర్థమయ్యేదాకా చెప్పు," అంది. అతను గడప మీద కూర్చుని, టైలరమ్మ చేతిలోని గుడ్డ ముక్క పూర్తయ్యేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.