ఒకటో నంబరు వంటిల్లు

మా టైపు మేడమ్ పోయిన కబురు నాకు కంపెనీ బస్సులో తెలిసింది. అచ్యుతాపురంలో డ్యూటీ దిగి అనకాపల్లి వస్తున్నాను. అమ్మ ఫోన్ చేసి, "మీ మేడమ్ ఎల్లిపోయిందే. మద్దేనం అన్నం తిని పడుకుంది, మరి లెగలేదు" అంది. పక్క సీటులో వాళ్ళు చూస్తున్నా ఏడుపు ఆగలేదు. బస్సు దిగేసరికి ఆవిడ తిట్లు గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. ఆవిడను తలుచుకుంటే ఎవరికైనా అంతే, ఉత్త ఏడుపు రమ్మన్నా రాదు.

మా వీధిలో ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. టైపు మిషన్లకు కాలం చెల్లగానే వాటిని అమ్మేసి కంప్యూటర్లు తెచ్చారు. కీబోర్డు మీద పది వేళ్ళూ పెట్టడం నాకు నేర్పింది ఆవిడే. కిందకు చూస్తే తల మీద మొట్టికాయ పడేది. "వేళ్ళకే తెలుసే దారి. మజ్జిలో నీ కళ్ళెందుకు?" అనేవారు. ఈ రోజు నేను చేస్తున్న ఉద్యోగం ఆ మొట్టికాయల పుణ్యమే. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక కూడా రెండు పాత కంప్యూటర్లను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పాత దుప్పటి కప్పి, అప్పుడప్పుడు కొంగుతో తుడుస్తూ అట్టే పెట్టుకున్నారు.

ఆవిడ భర్తను వీధంతా బెల్లం మావయ్య అంటుంది. ఆయనకు బెల్లం మార్కెట్లో కొట్టు ఉండేది. ఇద్దరికీ పొద్దున్న లేస్తే దెబ్బలాటే. కూరలో ఉప్పు గురించి, పేపరు ఎవరు ముందు చదవాలన్న దాని గురించి, ఏమీ దొరక్కపోతే నిన్నటి దెబ్బలాట ఎవరు మొదలెట్టారన్న దాని గురించి. అలాంటి మనిషికి చెవులు వినబడటం మానేశాయి. వినికిడి మిషను పెడితే చెవిలో ఈగ దూరినట్టుందని తీసి పారేశారు. ఫోనులో రాసి చూపిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయన్నారు. మెల్లగా ముందు గదిలో కుర్చీకి అతుక్కుపోయి, మాట్లాడటమే తగ్గించేశారు.

ఒక ఆదివారం మేడమ్ నన్ను పిలిచారు. ఆవిడను అంత దిగులుగా నేనెప్పుడూ చూడలేదు.

"ఆయన చెవులు పోతే పోనీయే. నాతో దెబ్బలాట పోకూడదు కదా. ఇల్లు బోసిపోయింది. ఆ రెండు కంప్యూటర్లకీ వైరు కలిపేద్దాం, లే."

ఒక కంప్యూటరు ముందు గదిలో, ఒకటి వంటింట్లో పెట్టాం. మధ్య గోడకు బెజ్జం కొట్టింది నేను. కొట్టిన ప్రతి దెబ్బకూ వంక పెట్టింది ఆవిడ. ఇన్‌స్టిట్యూట్ నాటి చిన్న బాక్సు ఒకటి వంటింట్లో పెట్టి, రెండు వైర్లూ దానికి తగిలిస్తే పచ్చ దీపాలు వెలిగాయి. రెండు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలంటే చెరో నంబరూ ఇవ్వాలి. ముందు గదికి ఒకటి ఇవ్వబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగాగు. ఒకటి వంటిల్లు. ఆయన రెండు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఒకటెవరో నీకు తెలీదేటి?"

తర్వాత వంటింట్లో కూర్చుని, కళ్ళు కిందకు దించకుండా, 'కాఫీ కావాలా?' అని కొట్టారు. ముందు గదిలో తెర మీద అరచేతి వెడల్పున అక్షరాలు వచ్చాయి. మావయ్య కళ్ళజోడు పెట్టుకున్నారు. ఒక్క వేలితో వెతుక్కుంటూ చాలాసేపు కొట్టారు. 'ఇయ్యి. పంచదార ఎయ్యి. నిన్న మరిసిపోనావు.'

"చూసేవా! మొదలెట్టేరే మీ మావయ్య!" అని ఆవిడ స్టూలు మీంచి లేచిపోయారు. కళ్ళు తుడుచుకుంటూనే, నిన్న పంచదార వేశానని ఘాటుగా జవాబు కొట్టారు.

గోడలో బెజ్జం పూడ్చడానికి నేను సిమెంటు తెస్తానన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. "పాత సున్నం గోడే ఇది. సిమెంటు అంటదు. మా నాన్న ఇల్లు కట్టినప్పుడు సున్నంలో బెల్లం నీళ్ళు పోసి కలిపించేరు. ఇప్పటికీ పెచ్చు ఊడలేదు." బెల్లం కావాలని ఆవిడ తెర మీద కొట్టేసరికి మావయ్యకు హుషారొచ్చింది. మంచి దిమ్మ ఒకటి ఏరి తెచ్చారు. ఇద్దరూ గోడకు అటొకరు ఇటొకరు నిలబడి బెజ్జం పూడ్చారు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం బస్సు దిగి వెళ్ళేసరికి ఆ ఇంట్లో చప్పుడే లేదు. మేడమ్ వంటింట్లో గోడకేసి తిరిగి కూర్చున్నారు. "పొద్దున్న అట్టు వెయ్యనా అని కొట్టేను. పలకలేదు. ఎంత పొగరో చూడు. నేనూ వెయ్యలేదు" అన్నారు. ముందు గదిలో మావయ్య నన్ను చూడగానే వీధంతా వినబడేలా, "టిపినేటని కొట్టీ కొట్టీ ఏలు నొప్పెట్టిందమ్మా! మీ మేడమ్ ఉలకదు, పలకదు!" అని అరిచారు. ఇద్దరూ పొద్దుటినుంచీ పస్తు.

బాక్సు చూస్తే దీపాల్లేవు. మూత విప్పితే లోపలంతా చీమలు. బెల్లం సున్నం వాసనకు గోడ పట్టుకుని వచ్చి, వెచ్చగా ఉందని బాక్సులో కాపురం పెట్టేశాయి. నాకు నవ్వాగలేదు. ఇద్దరినీ లాక్కొచ్చి చూపించాను. మావయ్య పొట్ట పట్టుకుని నవ్వారు. "నా బెల్లం అంత మంచిది మరి!" అన్నారు. నేను బాక్సు శుభ్రం చేసి టేపు చుట్టేలోపు మేడమ్ అట్లు వేశారు. దీపాలు వెలిగాక, తప్పు సున్నం కలిపినవారిదా, బెల్లం తెచ్చినవారిదా అని రెండు తెరల మీదా దెబ్బలాట మొదలైంది.

బెజ్జంలో సున్నం గీకి పసుపు అద్దిన దూది కుక్కినా, చీమలు దారి మరిచిపోలేదు. వైరు మీద వరసగా ముందు గదికి నడిచేవి. నేను మందు కొడతానంటే మేడమ్ వద్దన్నారు. "ఎల్లనీయే. ఎక్కడికెల్తాయి? మీ మావయ్య దగ్గరికే కదా."

మేడమ్ దినాలు అయ్యాక ఆ ఇంటికి వెళ్ళాను. మావయ్య కుర్చీలో ఉన్నారు. ఆయన ముందు తెర వెలుగుతోంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఆవిడ స్టూలు మీద కూర్చున్నాను. వైరు మీద చీమలు ఎప్పట్లాగే నడుస్తున్నాయి. 'మావయ్యగారూ, చీమల మందు వెయ్యనా?' అని కొట్టాను. కిందకు చూడలేదు.

ముందు గదిలో ఒక్క వేలి టకటక తర్వాత జవాబు వచ్చింది.

'వద్దమ్మా. ఒకటో నంబరు నించి వత్తన్నాయి.'

లేచి డబ్బాలోంచి చిన్న బెల్లం ముక్క తీసి బెజ్జం అంచున పెట్టాను. చీమలు ఒక్క క్షణం దాని చుట్టూ మూగాయి. తర్వాత తలో పలుకూ ఎత్తుకుని, గోడ దాటి, ముందు గదికి బయల్దేరాయి.